బానల్లో నిలిచిన లైను

కంప్యూటరు డిస్కులు దొరకడం లేదని, ధర రెండింతలైందని ప్రపంచమంతా గగ్గోలు పెట్టిన ఆ ఏడాది, మా అయుత్తయ ఊళ్ళో మేం ముగ్గురం నీళ్ళ మీద బతికాం. ఉరైని నేను, నా మొగుడు కోప్, మా అత్త లమాయ్. గడప దిగితే పడవ. మెట్ల మీద కూర్చుంటే గాలం. పొయ్యి పక్కనే పడక. పని లేదు, జీతం లేదు, కరెంటు లేదు. ఇన్నేళ్ళ తర్వాత చెబుతున్నా, అంత బాగా నేనెప్పుడూ బతకలేదు. ఈ మాట మీటింగుల్లో అననులెండి. ఆ వరదలో కొంప మునిగినవాళ్ళు చెప్పు తీసుకుని కొడతారు. కొట్టాలి కూడా.

అక్టోబరు మొదట్లో మొదలైంది. ఉత్తరాన ఆనకట్టలు నిండి, నీళ్ళు ఊరి తర్వాత ఊరు మింగుతూ మా వైపే దిగుతున్నాయని రేడియో రోజూ మొత్తుకుంటోంది. మా డిస్కుల కంపెనీ మాత్రం లైను ఆపలేదు. ఆర్డర్లున్నాయంట. షిఫ్టులో ఉన్నవాళ్ళు డిస్కులు చెయ్యాలి, షిఫ్టు దిగినవాళ్ళు కట్ట మీద ఇసక బస్తాలు మొయ్యాలి. ఇంటికెళ్ళి సొంత సామాను పైకెత్తుకోవాలని ఎవరైనా అడిగితే, "కంపెనీ మునిగితే మీ సామాను ఎందుకు?" అని సూపర్‌వైజరు ఎదురడిగేవాడు. అదేం లాజిక్కో ఇప్పటికీ నాకు బుర్రకెక్కలేదు.

నా పని గీతల మిషను దగ్గర. దాని అసలు పేరు పెద్దది, మేం గీతల మిషను అనే అనేవాళ్ళం. అద్దంలా మెరిసే డిస్కు పళ్ళెం మీద కంటికి కనపడని గీతలు గీస్తుందది. ఆ గీతలు లేకపోతే ఏది ఎక్కడ రాసుకోవాలో డిస్కుకి తెలీదు. అలాంటి మిషన్లు మా కంపెనీకి మా దగ్గరే ఉన్నాయి. కొత్తవి చేయించాలంటే ఏడాది మాట. పదేళ్ళు ఆ మిషను ముందు కూర్చున్నాను. తెల్లటి ముసుగు బట్టలు, మూతికి గుడ్డ, చేతికి తొడుగులు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. కళ్ళని బట్టే మనుషుల్ని పోల్చుకునేవాళ్ళం. ఏ కళ్ళు ఏడ్చి వచ్చాయో, ఏ కళ్ళు మొగుడితో పోట్లాడి వచ్చాయో ఇట్టే తెలిసిపోయేది.

కట్ట తెగిన రోజు నేను లోపలే ఉన్నాను. సైరను మోగింది. సూపర్‌వైజరు అద్దం అవతలి నుంచి చేతులూపుతూ అరుస్తున్నాడు. బట్టలు విప్పే గదిలో వరసగా నిలబడి, ముసుగు ఆఖర్న తీసి, మడతపెట్టి వెళ్ళాలట. నా పక్కన పనిచేసే ఫికున్ అంది:

"అక్కా, వీడు మనల్ని మడతపెట్టి వెళ్తాడు. పద."

తెల్లబట్టలతోనే బయటపడ్డాం. గేటు దగ్గరికొచ్చేసరికి నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. ఇసక తెచ్చిన లారీ ఎక్కి నిలబడ్డాం, లారీ నిండా తెల్లబట్టల ఆడవాళ్ళం. రోడ్డు గట్టు మీద ఒక ముసలాయన, ఆయన పెళ్ళాం మమ్మల్ని చూసి గుడి నుంచి తరలిపోతున్న సన్యాసినులనుకున్నారు; మా వైపు వాళ్ళు కట్టేది తెలుపే. చేతులు జోడించి తలవంచారు. ఫికున్ వెంటనే చెయ్యెత్తి, "చల్లగా ఉండండి" అని దీవించింది. లారీ అంతా పకపకా నవ్వు. వెనక్కి తిరిగి చూస్తే ఫ్యాక్టరీ గోడ మీంచి నీళ్ళు లోపలికి దూకుతున్నాయి. నవ్వు ఆగిపోయింది.

మా ఇల్లు కాలువ ఒడ్డున కొయ్య స్తంభాల మీద ఉంటుంది. ఇల్లు అత్తది. వరద వస్తోందని తెలిసిన రోజు ఆవిడ పైకెత్తించినవి వాననీటి బానలు. కప్పు మీద పడ్డ వాన రేకుగొట్టంలోంచి వచ్చి వాటిల్లో పడుతుంది. ఏడాదంతా తాగడానికీ వండడానికీ అవే. మనిషి నడుమంత ఎత్తుంటాయి. కోప్, అతని స్నేహితులు తాళ్ళు కట్టి వాటిని మెట్ల మీదుగా వసారాలోకి లాగుతుంటే, టీవీ కింద గదిలోనే ఉండిపోయింది.

"అమ్మా, టీవీ మునిగిపోద్ది" అన్నాడు కోప్.

"మునగనీ. అది తాగుతావా?"

నేను ఈశాన్యం మూలనున్న ఇసాన్ నుంచి వచ్చినదాన్ని. పెళ్ళయి ఎనిమిదేళ్ళైనా అత్తకి నేను పైనుంచి వచ్చిన పిల్లనే. నేను తినే ముద్దన్నం, ఊరేసిన చేపల పచ్చడి ఆవిడకి గిట్టేవి కావు. వరదలో మొసళ్ళ ఫారం కంచె తెగి మొసళ్ళు తిరుగుతున్నాయని పుకారు పుట్టింది. మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చోవడానికి నేను భయపడ్డాను. అత్త వంటింట్లోంచే అంది:

"నువ్వు భయపడకు పిల్లా. నీ కుళ్ళుచేపల కుండ మూత తీసిపెట్టు చాలు. ఏ మొసలీ ఈ కాలవలోకి రాదు."

పొద్దున్నే కోప్ వేసిన వల తీస్తే చేపలు. అవి వేయించి, మిరపకారం నూరి, వేడన్నం. సాయంత్రం ఆకాశం ఎర్రబడి నీళ్ళంతా ఎర్రబడేది. అవతలి ఇంట్లోంచి ఎవరో రేడియో పెడితే ఇవతలి ఇంట్లో మేం వినేవాళ్ళం. ఎనిమిదేళ్ళు షిఫ్టులు మారుతూ, ఇంట్లో మొగుడు నిద్రలేచేసరికి నేను నిద్రపోతూ గడిపినదాన్ని. ఆ వరదలో మొదటిసారి మేం ముగ్గురం రోజూ ఒక్క గిన్నె చుట్టూ కూర్చుని తిన్నాం. కోప్ అన్నం తింటూ కూనిరాగం తీస్తాడని నాకు అప్పుడే తెలిసింది.

అలాగని నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యూనియన్ కమిటీలో ఉన్నాను. పడవ వేసుకుని మా లైనువాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికాను. కొందరు గుళ్ళలో, కొందరు బడి మేడ మీద, కొందరు పైవంతెన మీద టార్పాలిన్ల కింద. కంపెనీ చెప్పింది ఒకటే: ఇది ప్రకృతి చేసిన పని, మాకు సంబంధం లేదు, జీతాల సంగతి తర్వాత. ప్రకృతి ఇసక బస్తాలు మాతో మోయించిందా? ప్రకృతి లైను ఆపొద్దందా?

ఫికున్ బడి మేడ మీద ఉండేది. ఒకరోజు నా పడవ చూడగానే పిట్టగోడ మీంచి వంగి అరిచింది.

"అక్కా! మన మిషన్లు పోతున్నాయి!"

"నీళ్ళలో ఉన్నవి ఎక్కడికి పోతాయే?"

"మా చిన్నాన్న లారీ నడుపుతాడు కదా, రేవుకి బండ్లు మాట్లాడుతున్నారంట. నీళ్ళలోంచి మిషన్లు తీయించి ఓడెక్కిస్తారంట. వేరే దేశంలో కంపెనీకి ఇంకో ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడ బిగిస్తారంట. ఇక్కడ మూసేస్తారంట."

డిస్కులు ఎక్కడ చేసినా డిస్కులే. ఆ గీతల మిషన్లు ఎక్కడుంటే లైను అక్కడ. అవి పోతే మేం ఎవరం? అయుత్తయలో అద్దెగదుల్లో ఉన్న కొన్ని వేలమంది ఆడవాళ్ళం, మళ్ళీ బస్సెక్కి ఊళ్ళకి పోవాల్సినవాళ్ళం.

ఇంటికొచ్చేసరికి కోప్ వసారాలో కూర్చుని గాలిగొట్టం అతుకులేస్తున్నాడు. అతని పని నది అడుగున. నోట్లో గాలిగొట్టం, నడుముకి సీసం కట్టుకుని దిగి, తెగిన లంగర్లు, ఎవరో జారవిడిచిన ఉంగరాలు, పాతకాలపు కుండలు, ఏది దొరికితే అది తెచ్చేవాడు. అందుకే అతన్ని అందరూ కోప్ అంటారు, కప్ప అని.

"పని దొరికింది" అన్నాడు. "మీ కంపెనీయే పిలిచింది. నదిలో దిగేవాళ్ళు కావాలంట. మీ మిషన్లు పైకి తియ్యాలి."

నేను పడవలోంచి దిగలేదు. అక్కడే నిలబడి అరిచాను.

"నువ్వు తీసిన ప్రతిదీ ఓడెక్కిపోద్ది! తెలుసా? నీ పెళ్ళాం పని నీ చేతుల్తోనే ఊడపెరికి వాళ్ళకిస్తావా?"

"అరవకు. పడవ ఊగుతోంది."

"ఊగనీ! ఎవ్వరూ దిగొద్దని చెప్పు నీ వాళ్ళకి. మాకు మాటిచ్చేదాకా ఒక్క బోల్టు కూడా పైకి రాకూడదు."

కోప్ గొట్టం పక్కన పెట్టాడు. "ఉరై, నేను నీళ్ళలోంచి ఇనుము తీసేవాణ్ణి. నీళ్ళలో ఇనుము ఏమవుద్దో నాకు తెలుసు. ఇంకో రెండు వారాలుంటే అది ఏ దేశానికీ పనికిరాదు. ముందు పైకి రానీ. తర్వాత కొట్లాడు. కుళ్ళినదాని కోసం ఎవరు కొట్లాడతారు?"

అత్త వంటింట్లోంచి, "మీ ఇద్దరూ కొట్లాడుకోండి, చేప మాడిపోతోంది, నేను తింటా" అంది.

మర్నాడు పొద్దున నేనే మాట కలిపాను. అతను చెప్పింది నిజమని ఒప్పుకోవడానికి నాకు ఒక రాత్రి పట్టింది.

"లోపల ఏం కనపడదు. నూనె, బురద. ఎలా వెతుకుతావ్?"

"చేత్తో."

"చేత్తో ఎక్కడని?"

అప్పుడు అతని కళ్ళకి నా తలగుడ్డ కట్టాను. ఇల్లంతా ఫ్యాక్టరీ చేశాను. గడప అంటే బట్టల మీది దుమ్ము పోయేలా గాలి కొట్టే గది. చాప అంచు అంటే మొదటి వరస. బియ్యం డబ్బా, పక్కన పీట, దాని పక్కన అత్త చెప్పులపెట్టె, ఇవన్నీ మిషన్లు. ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ రావాలి, గోడ మలుపు తిరిగితే మా మిషను. కోప్ గుడ్డివాడిలా తడుముకుంటూ నడుస్తుంటే, అత్త దారిలో కావాలని కాలు చాపి కూర్చుంది. తగిలి పడబోయాడు.

"ఇదేంటి?" అన్నాడు.

"అది మీ సూపర్‌వైజరు" అంది అత్త.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నేను పనిచేసే చోటు అతను ఎప్పుడూ చూడలేదు. బయటివాళ్ళని అద్దం దాకా కూడా రానివ్వరు. కళ్ళకి గుడ్డ కట్టుకుని, మా ఇంట్లో, నా చేతులు అతని భుజాల మీద పెట్టి తిప్పుతుంటే, అతను నా పని మొదటిసారి చూశాడు.

కంపెనీ బల్లకట్టు మీద ఇంజినీరు వీరాయుత్ ఉండేవాడు. చిన్నవాడు, మంచివాడే, మాట మెత్తన. పైకి వచ్చేవాటిని పట్టుకోవడానికి చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు కావాలన్నాడు. నేను, ఫికున్, ఇంకో నలుగురం వెళ్ళాం. నేను వెళ్ళింది పని కోసం కాదు, చూడందే ఏం చెయ్యాలో ఎలా తెలుస్తుంది?

మిషను మొత్తం రాదు, రాతి దిమ్మె మీద బిగించి ఉంటుంది. దాని గుండెకాయలాంటి భాగం ఒకటి, గుమ్మడికాయంత, బోల్టులు విప్పితే చేతికొస్తుంది. ఆ బోల్టులు ఎక్కడెక్కడున్నాయో వీరాయుత్ చెప్పాడు. కోప్ దిగాడు. ఫ్యాక్టరీ కప్పు మీద కోసిన కన్నంలోంచి నల్లటి నీళ్ళలోకి. గాలిగొట్టం మాత్రం కదులుతోంది. నేను ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. యూనియన్, కంపెనీ, లారీలు, ఏదీ గుర్తు లేదు. ఆ గొట్టం కదలాలి, అంతే.

చాలాసేపటికి తేలాడు. చేతుల్లో నల్లటి ముద్ద. మొహమంతా నూనె. ఎడం చెవిలోంచి సన్నగా రక్తం. బల్లకట్టు అంచు పట్టుకుని, ఊపిరి తీసుకుని నా వంక చూశాడు.

"నీ కుర్చీలో కూర్చున్నా" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను గొట్టం చుట్టడం మొదలుపెట్టాను, మొహం కనపడకుండా.

ఆ రోజు ఇంకొన్ని తీశారు. వీరాయుత్ ఫోను కోసం రోడ్డు దాకా వెళ్ళాడు. మేం ఆరుగురం ఆ గుండెకాయల్ని ముందేసుకుని కూర్చున్నాం. పదేళ్ళుగా మాకు నూరిపోసింది ఒకటే: చెమ్మ మన శత్రువు. ఒక్క నీటిబొట్టు కనపడితే లైను ఆపు. తుడువు. ఆరబెట్టు. మేం చేశాం. మెత్తటి గుడ్డలతో, మూల మూలనా, పసిపిల్లకి తల తుడిచినట్టు తుడిచి, టార్పాలిన్ మీద ఎండలో వరసగా పెట్టాం. తళతళ మెరుస్తున్నాయి. ఫికున్ అయితే ఒకదానికి ముద్దు పెట్టినంత పని చేసింది.

వీరాయుత్ తిరిగొచ్చేసరికి ఆ మెరుపు మీద గోధుమరంగు పొర పాకుతోంది.

"ఎవరు తుడిచారు?" అన్నాడు.

"మేమే సారు. శుభ్రంగా తుడిచాం."

అతను టార్పాలిన్ పక్కన చతికిలబడ్డాడు. తల పట్టుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

"ఆరనివ్వకూడదు. నీళ్ళలో ఉన్నంతసేపు గాలి తగల్లేదు. ఇప్పుడు గాలి తగిలింది, లోపల మురికి ఉంది, గంటల్లో తినేస్తుంది. ఇవి పోయాయి. పైకి రాగానే మంచినీళ్ళలో ముంచాలి. కడిగే మందులు వచ్చేదాకా మునిగే ఉండాలి."

"పదేళ్ళు తుడవలేదని తిట్టారు" అంది ఫికున్, ఏడుపు గొంతుతో. "ఇవాళ తుడిచామని తిడుతున్నారు. మీకు ఏం కావాలో ముందు మీరు తేల్చుకోండి సారు."

"తిట్టట్లేదు. నేను చెప్పి వెళ్ళాల్సింది." అతను నీళ్ళ వంక చూశాడు. ఎటు చూసినా నీళ్ళే. "మంచినీళ్ళు ఎక్కడ తేను? కొళాయిలో బురద. కొట్టుల్లో సీసా నీళ్ళు లేవు."

నేను కాలవ వైపు చెయ్యి చూపించాను.

"నీళ్ళున్నాయి సారు. మా కాలవ పొడుగునా ప్రతి ఇంట్లో బానలున్నాయి, వాననీళ్ళు. కానీ ఆ బానలు కదలవు. మిషన్లే మా ఇళ్ళకి రావాలి. మా దగ్గరే ఉండాలి."

అతనికి అర్థమైంది. చదువుకున్నవాడు, అర్థం కాకేం. రేవులో లారీల సంగతి అతనికి నాకంటే ముందే తెలుసు. నా వంక చూశాడు, తుప్పు పట్టిన వాటి వంక చూశాడు.

"పడవ ఎటు తిప్పాలో చెప్పండి" అన్నాడు.

అందరికంటే కష్టం మా అత్తని అడగడం.

"తాగే నీళ్ళలో ఇనుమా? నీకు మతిగానీ పోయిందా? వానలైపోయాయి. మళ్ళీ మే నెల దాకా చుక్క పడదు. నన్ను ఈ బురద తాగమంటావా?"

"అత్తా, ఇవి పోతే లైను పోద్ది. లైను పోతే..."

"పోతే మీ ఊరు పోతావు. నా కొడుకుని కూడా పట్టుకుపోతావు. అదే కదా చెప్పబోయేది? నాకు తెలీదనుకున్నావా?"

నిజానికి అది నేను చెప్పబోయింది కాదు. కానీ ఆవిడ ఇన్నాళ్ళూ దేనికి భయపడుతోందో అప్పుడు తెలిసింది.

కోప్ చెవిలో దూది పెట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆవిడ అతని వంక చూసింది. బకెట్లో ఉన్న నల్లటి గుండెకాయ వంక చూసింది.

"దీని కోసమేనా వీడి చెవి పోయింది?"

"ఇంకా పోలేదమ్మా" అన్నాడు కోప్.

"ఏంటీ?" అని గొంతు పెంచింది ఆవిడ, "నాకు వినపడలేదు, అరిచి చెప్పు, నీకూ వినపడదుగా." అంటూనే లేచింది. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె, ప్రతి చెంబు, చివరికి నా ముద్దన్నం బుట్ట కింద పాత్ర కూడా తెచ్చి నీళ్ళతో నింపుకుంది. ఒక బాన మూతపెట్టి తాగడానికి ఉంచింది. తక్కిన వాటిల్లోకి ఆ గుండెకాయల్ని తనే రెండు చేతులా దించింది. చప్పుడు కాకుండా దించింది.

"ఎన్నాళ్ళుంచాలి?"

"తెలీదత్తా."

మర్నాడు పొద్దున చూస్తే ఆ మూతల మీద అగరుబత్తి వెలుగుతోంది. నీళ్ళు మార్చడానికి వచ్చిన ఫికున్ చూసి నోరు తెరిచింది.

"అత్తా! మిషనుకి పూజా?"

"మా ఇంటి నీళ్ళు తాగుతోంది. చుట్టమే."

ఆ తర్వాత రోజులు నాకు ఒకదానితో ఒకటి కలిసిపోయి గుర్తున్నాయి. కోప్, అతని మనుషులు దిగడం, పైకి తేవడం. తేగానే తడిగుడ్డ చుట్టి పడవలో ఇంటికి. కాలవ పొడుగునా ప్రతి వసారాలో బానలు, ప్రతి బానలో ఒక గుండెకాయ. సగం రోజులు వీరాయుత్ మా ఇంట్లోనే తినేవాడు. మొదట్లో ఊరేసిన చేపల వాసనకి ముక్కు మూసుకునేవాడు, తర్వాత అడిగి మరీ వేయించుకునేవాడు. ఒకరోజు అత్తతో అన్నాడు, అమెరికాలో కంప్యూటర్లు చేసేవాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారట, డిస్కులేవి, ఎక్కడున్నాయని.

"మా వసారాలో ఉన్నాయని చెప్పు" అంది అత్త. "వచ్చేటప్పుడు నీళ్ళు తెచ్చుకోమని కూడా చెప్పు."

నవంబరు సగమయ్యేసరికి మెట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నీళ్ళు తగ్గుతుంటే అందరూ సంతోషించారు. నాకు గుబులు. రోడ్డు తేలితే లారీలు వస్తాయి.

వచ్చాయి. ముందు మోటారు పడవలో పెద్దాఫీసు మనిషి వచ్చాడు. పేరు ప్రతీప్. ఇస్త్రీ చొక్కా. వెనకాల పెట్టెలతో కూలీలు, వీరాయుత్. కబురు ముందే అందింది. కాలవ పొడుగునా ప్రతి వసారాలో ఆడవాళ్ళు బానల మూతల మీద కూర్చున్నారు. అరుపుల్లేవు, జెండాల్లేవు. కూర్చున్నారంతే. మా అత్త తన బాన మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"అమ్మా, కొంచెం లేస్తారా?" అన్నాడు ప్రతీప్, చాలా మర్యాదగా.

"మోకాళ్ళ నొప్పులు బాబూ. కూర్చుంటే లేవలేను. లేస్తే కూర్చోలేను."

"లోపల ఉన్నది కంపెనీ ఆస్తి."

"బాన నాది. నీళ్ళు నావి. నీ ఆస్తి వచ్చి నా నీళ్ళలో పడింది."

నేను మెట్ల మీద నిలబడి చెప్పాల్సింది చెప్పాను. మిషన్లు ఎక్కడికీ పోవు, ఇక్కడే బిగించాలి. లైనులో ఉన్న ప్రతి మనిషినీ వెనక్కి పిలవాలి. మూసిన రోజులకి జీతంలో చట్టం చెప్పిన వంతు ఇవ్వాలి. కాగితం మీద. అతను నవ్వాడు. పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నీళ్ళు మార్చడానికి మూత తీస్తే, ఒక బోల్టు చుట్టూ గోధుమరంగు నూలుపోగులా ఏదో వేలాడుతోంది. వీరాయుత్‌ని పిలిచి చూపించాను.

"ఇంకెన్నాళ్ళు సారు?"

"ఎన్నాళ్ళో లేదు."

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కోప్ చూశాడు. ఇనుము సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం ప్రతీప్ మళ్ళీ వచ్చాడు. కాగితం తెచ్చాడు. సంతకాలు, ముద్రలు. నేను అడిగినవన్నీ ఉన్నాయి. రెండుసార్లు చదివాను. ఎక్కడా మెలిక లేదు. బయట కంప్యూటర్లు చేసేవాళ్ళు ఎంత గట్టిగా అరుస్తున్నారో ఆ కాగితం చూస్తే తెలిసింది. నేను తలెత్తేసరికి అతను పడవ అంచుకి వచ్చి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు:

"ఒక్కటి రాయలేదు. మీరు మాత్రం రావద్దు. మీ అంతట మీరే మానేసినట్టు. సరేనంటే ఇప్పుడే లారీలు వెనక్కి పంపిస్తాను. కాదంటే ఆ కాగితం ఇటివ్వండి, నేను రేపు వస్తాను. ఎల్లుండి వస్తాను. నాకు తొందర లేదు."

అతనికి తొందర ఉంది. నాకు అంతకంటే ఎక్కువ ఉంది. వీరాయుత్ నీళ్ళలోకి చూస్తున్నాడు.

నేను అతనికి తలూపి, వసారా అంచున నిలబడి, అవతలి ఇళ్ళకి కూడా వినపడేలా ఆ కాగితం చదివాను. మొదటి ముక్క నుంచి ఆఖరి ముక్క దాకా. ఉన్నదంతా చదివాను. ఫికున్ ఎగిరి గంతేసింది. పక్క వసారాల్లో చప్పట్లు.

"అత్తా, లే" అన్నాను.

ఆవిడ లేవలేదు. నా మొహం చూసింది.

"అంతేనా?"

"అంతే."

వెల్లుల్లి తొక్కలు కట్టుగుడ్డ మీంచి దులుపుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది.

మిషన్లు కడిగారు, బిగించారు. కొన్ని పనిచేశాయి, కొన్ని చెయ్యలేదు. చేసినవాటితో లైను నడిచింది. బానలకి నూనె వాసన పట్టింది. ఆ ఎండాకాలం మేం నీళ్ళు కొనుక్కుని తాగాం. అత్త ప్రతి సీసా మూత తీస్తూ కంపెనీని తిట్టేది, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. కోప్ ఎడం చెవి తిరిగి రాలేదు. నేను ఎటువైపు పడుకోవాలో మారిపోయింది, అంతే. ఆ తర్వాత నేను యూనియన్ పనిలోనే ఉండిపోయాను, ఇంకా ఎన్నో గేట్ల ముందు నిలబడ్డాను. కానీ ఇల్లు అన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ నీళ్ళ మీది ఇల్లే. అత్త పోయాక మరీను.

లైను మొదలైన రోజు పొద్దున కంపెనీ బస్సు మా రోడ్డు మీదకొచ్చింది. ఇంకా అంచుల్లో బురద ఆరలేదు. మా వాళ్ళంతా గుంపుగా నిలబడ్డారు. నేను పనిబట్టల్లో లేనని ఫికున్ అప్పుడు గమనించింది. ఎవరి దగ్గర విన్నదో, ముందే అనుమానం ఉందో, నేను నోరు విప్పకముందే అర్థమైపోయింది.

"నువ్వు ఎక్కకపోతే నేనూ ఎక్కను."

"ఎక్కు."

"మమ్మల్ని కూర్చోబెట్టి, నువ్వు... అక్కా, ఎవరూ ఎక్కం! ఏయ్, ఎవరూ ఎక్కకండే!"

"ఫికున్, నోర్ముయ్. ఇవాళ మీరు ఎక్కకపోతే రేపు లారీలు వస్తాయి. అప్పుడు బానల మీద ఎవరు కూర్చుంటారు? మా అత్త మోకాళ్ళు ఇప్పటికే పోయాయి."

ఎవరో నవ్వారు. ఎవరో ముక్కు చీదారు. డ్రైవరు హారను కొట్టాడు. ఒక్కొక్కరే ఎక్కారు. ఫికున్ ఆఖర్న ఎక్కి, కిటికీలోంచి సగం బయటికొచ్చింది.

"నీ చోట్లో కొత్తపిల్లని పెడతారంట. పద్దెనిమిదేళ్ళదంట. నేనేం చెయ్యాలి దాన్ని?"

"పని నేర్పు."

"ఇంకా?"

బస్సు కదిలింది. నేను పక్కనే నడుస్తూ అరిచాను.

"మొదటి రోజే యూనియన్ చందా అడక్కు, బెదిరిపోద్ది. రెండో రోజు అడుగు!"

బస్సంతా నవ్వింది. మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినపడింది. నేను ఇంటికొచ్చి, ఏం చెయ్యాలో తోచక, ముందురోజు ఉతికి ఆరేసిన బట్టలన్నీ దండెం మీంచి తీసి మళ్ళీ ఉతికాను.